కొత్తగూడ ఆకాశంలో దీపాలు

“ఇది యాంటెన్నా తీగ మేడం,” అన్నాడు యుగేందర్, ప్లాస్టిక్ కవరును గెస్ట్‌హౌస్ బల్లమీద పెడుతూ. చెల్లెలి పెళ్లికి చేయించిన నగను చుట్టాలకు చూపించే అన్నలా మురిసిపోతున్నాడు.

కవరులో ఉన్నది జానెడు గులాబీ రంగు దారం. స్క్వాడ్రన్ లీడర్ నౌషీన్ దాన్ని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. దారం పొడవునా సన్నగా ఏదో మెరుస్తోంది.

“ల్యాబుకు పంపారా?”

“అవసరమా? ఆ పూత చూడండి, లోహపు పొడి. ఆ లక్ష్మణ్‌గాడి చేలో ఇప్పచెట్టు చిటారు కొమ్మకు చుట్టుకొని ఉంది. సోమవారం తెల్లవారుజామున వాడు టార్చి పట్టుకొని అడవిలో దొరికాడు. కింద నుంచి వీడు సంకేతం పంపుతాడు, పై నుంచి ఆ వెలుగులు జవాబు చెప్తాయి. ఇంకేం కావాలి మీకు? సాయంత్రం నాలుగింటికి వాణ్ని హైదరాబాద్ తీసుకెళ్తున్నా. రేపు ప్రెస్ మీట్.”

నౌషీన్ కవరును చేతిలోనే ఉంచుకుంది. యుగేందర్ పెట్టబోయేది అల్లాటప్పా కేసు కాదు. దేశానికి ద్రోహం చేశాడని ఒకసారి రాసేశారంటే బెయిలు సంగతి దేవుడెరుగు, విచారణ మొదలయ్యేసరికే ఆ మనిషి జుట్టు నెరిసిపోతుంది. పెళ్లాం పిల్లలు కోర్టు వరండాల్లో ముసలివాళ్లవుతారు.

అసలు గొడవంతా చలికాలంలో మొదలైంది. కొత్తగూడ అడవి మీద రాత్రిపూట ఆకాశంలో కొన్ని దీపాలు వరసగా, కదలకుండా నిలబడి కనిపించేవి. చప్పుడు లేదు. రాడార్‌లో ఆనవాలు లేదు. శిక్షణలో ఉన్న ఇద్దరు పైలట్లు చూసి, ఫొటో తీసి రాసిచ్చారు. ఊళ్లవాళ్లు ఫోన్లలో వీడియోలు తీశారు. టీవీవాళ్లయితే వేరే గ్రహం నుంచి చుట్టాలు దిగినంత హడావిడి చేశారు. చివరకు వైమానిక దళం విచారణ వేసి, జనగామలో పుట్టి పెరిగింది కదా, ఆ పక్క మాటా మర్యాదా తెలుసు కదా అని నౌషీన్‌ను పంపింది. ఆమె వచ్చేసరికే రాజధాని నుంచి ఒక ప్రత్యేక నిఘా దళం దిగిపోయింది. దానికి పెద్ద యుగేందర్. వెలుగును పట్టుకోవడం చేతకాలేదు గానీ మనిషిని పట్టుకున్నాడు.

“ఒకసారి నేను మాట్లాడాలి,” అంది నౌషీన్.

“మాట్లాడండి. మీకూ అదే చెప్తాడు. నాకు తెల్వది, నాకు తెల్వది. రెండు రోజులుగా అదే పాట.”

గెస్ట్‌హౌస్ వెనకగదిలో లక్ష్మణ్ నేలమీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. ఆ పక్క తండాలో పోడు చేసుకొని బతుకుతాడు. నౌషీన్ వెంట వచ్చిన సార్జెంట్ వీరేందర్‌ది భూపాలపల్లి పక్క తండా. అతను లంబాడీలో ఏదో పలకరించగానే లక్ష్మణ్ కళ్లలో కొంచెం ప్రాణం వచ్చింది.

“కుర్చీల కూసో అన్నా,” అంది నౌషీన్. “వీరేందర్, చాయ్ చెప్పు. బిస్కెట్లు కూడ.”

లక్ష్మణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకొని ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

“బతికిచ్చినవ్ మేడం. సోమారం సంది గొంతుల వేడిది పడలే.”

“సోమారం తెల్లారగట్ల అడవిల ఏం పని నీకు?”

“ఇప్పపువ్వు ఏరనీకి పోయిన. గీ నెలల పువ్వు రాలుతది కద. ఎండెక్కితే గొడ్లు తినిపోతయి.”

“టార్చి?”

“పాములుంటయి మేడం. టార్చి లేకుంట ఎవడు పోతడు?”

“పైన వెలుగులు చూసినవా ఎప్పుడన్న?”

“చూడనోడు ఎవడున్నడు?”

“భయం కాలే?”

“భయమెందుకు? ఎవల్నేమన్నయి గవి? నాకైతే మంచిగనిపిచ్చింది.”

తలుపు దగ్గర నిలబడ్డ యుగేందర్ పెదవి విరిచాడు. నౌషీన్ మాత్రం ఆ జవాబు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆమె పదహారు మందిని అడిగింది. పరేషాన్ అయినమన్నవాళ్లున్నారు, దయ్యమన్నవాళ్లున్నారు, దండం పెట్టినవాళ్లున్నారు. మంచిగనిపించిందన్నవాడు ఇతనొక్కడే.

ఆమె కవరు తీసి దారం చూపించింది. లక్ష్మణ్ గ్లాసు కింద పెట్టేశాడు.

“గిది ఎవరిది?”

“నాదే.”

“నీదా? దేనికి?”

“దేనికంటే... నాదే అని రాసుకోండ్రి మేడం. యాడ ఏలుముద్ర పెట్టాల్నో చెప్పుండ్రి. ఇగ ఎవల్ని అడుగకుండ్రి, నీ కాల్మొక్త.”

“విన్నారుగా!” అన్నాడు యుగేందర్.

వరండాలోకి వచ్చాక నౌషీన్ గొంతు తగ్గించింది. “ఎవరినో దాస్తున్నాడు యుగేందర్‌గారూ. తప్పు చేసినవాడు తప్పించుకోవాలని చూస్తాడు. ఇతను తగిలించుకోవాలని చూస్తున్నాడు.”

“కవిత్వం బాగుంది. కోర్టులో పనికిరాదు.”

“నాలుగింటివరకు టైముంది కదా?”

“నాలుగంటే నాలుగే. జీపు ఎక్కాక మీ విచారణ వేరు, నా కేసు వేరు.”

“మా విచారణ తేలేవరకు ఆగితే మీ సొమ్మేం పోతుంది?”

“మీకు దీపాలు కావాలి, నాకు మనిషి కావాలి. నాకు దొరికాడు. మీరు ఆకాశం చూసుకోండి మేడం.”

ఆ మాటకు నౌషీన్‌కు ఒళ్లు మండింది. కానీ అరిచి టైము వృథా చేసే మనిషి కాదామె. మెట్లు దిగి జీపెక్కి, తండా వైపు పోనిమ్మంది.

లక్ష్మణ్ చేలో ఇప్పచెట్టు చుట్టూ నేలంతా గుల్లచేసి ఉంది. యుగేందర్ మనుషులు లోహాలు కనిపెట్టే యంత్రాలు తెచ్చి, లంకెబిందెల కోసం తవ్వినట్టు తవ్విపోశారు. దొరికినవి ఒక పాత నాగలికర్రు, రెండు సీసా మూతలు. గట్టుమీద లక్ష్మణ్ భార్య లాలి కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం పీక్కుపోయింది.

“మా ఆయినె ఏం చేసిండు బిడ్డా?” అంది లేచి నిలబడి.

“ఏం చెయ్యలేదని నిరూపించనీకే వచ్చిన అక్కా. జర నిమ్మళంగ కూసో.”

తవ్విన గుంతల వైపు నౌషీన్ చూడనే లేదు. దారం దొరికింది చిటారు కొమ్మకు. అంటే వచ్చింది పై నుంచి. పై నుంచి వచ్చింది కిందికి కూడా ఏదో ఒకటి రాల్చి ఉండాలి. ఆమె మోకాళ్లమీద కూర్చొని ఎండుటాకులు ఒక్కొక్కటే తిప్పింది. వీరేందర్ మరో పక్క నుంచి వెతకసాగాడు.

కొంతసేపటికి ఒక టేకాకు మీద తెల్లటి బొట్టు కనిపించింది. గోటితో గీకితే పొరలా లేచింది. మైనం. కొంచెం అవతల ఇంకొకటి. ఆ బొట్లు చెదురుమదురుగా లేవు, గాలివాలున ఒక వరసలో పడి ఉన్నాయి.

“మేడం, గిదేందో చూడుండ్రి,” అన్నాడు వీరేందర్.

కంపలో ఇరుక్కుపోయిన సన్నటి కాగితం ముక్క. దానికి అడుగున వెదురుబద్దతో చేసిన చిన్న చుట్టు. చుట్టు లోపల గట్టిపడ్డ ఇసుక. అతికించిన చోట చీమలు పట్టి ఉన్నాయి, మైదా గంజి కోసం.

నౌషీన్ దాన్ని అరచేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నవ్వింది. వీరేందర్ కంగారుపడ్డాడు.

“ఏమైంది మేడం?”

“కందీలు! వీరేందర్, ఇది కందీలు!”

జనగామలో ఆమె మేనమామ చలికాలం వచ్చిందంటే డాబా దిగేవాడు కాదు. పెద్ద పతంగిని చీకటి పడకముందే పైకి లేపి, గాలిలో నిలబెట్టి, దారానికి మూరల ఎడంతో కాగితపు లాంతర్లు కట్టి వదిలేవాడు. ఒక్కోదాంట్లో ఒక్కో మైనపువత్తి. బోర్లపడకుండా అడుగున తడి ఇసుక. చీకట్లో పతంగి కనపడదు, దారం కనపడదు. దీపాలు మాత్రం ఆకాశంలో మెట్లు కట్టినట్టు నిలబడేవి. పిల్లలంతా నోళ్లు తెరుచుకొని చూసేవాళ్లు. కాగితం, వెదురు, దారం. రాడార్‌కు వీటిలో ఏముందని దొరుకుతుంది? మామూ, నీ పుణ్యాన ఇవాళ ఒక మనిషి బతికేట్టున్నాడు అని మనసులోనే ఆయనకు సలాం చేసుకుంది.

మరి ఈ అడవిలో కందీళ్లు ఎగరేసిందెవరు? ఎందుకు?

“వీరేందర్, వెలుగులు కనపడ్డ రోజులు ఏమేం వారాలు?”

అతను ఫోన్‌లో చూసి తలెత్తాడు. “అన్ని బేస్తారాలే మేడం. మన హెడ్డాఫీసోళ్లు ఇది వారానికోపారి తిరిగే ఉపగ్రహమేమో అని రాసిండ్రు.”

నౌషీన్‌కు మళ్లీ నవ్వొచ్చింది. బేస్తవారమంటే గురువారం, జుమ్మేరాత్. దర్గాలో దీపం పెట్టే రోజు. మొక్కు తీర్చుకునే రోజు. కొత్తగూడలో అంగడి జరిగేదీ ఆ రోజే. ఉపగ్రహానికి మొక్కులేముంటాయి?

ఆమె గట్టుమీదికి వెళ్లి లాలి పక్కన కూర్చుంది. “అక్కా, బేస్తారం అంగడికి మానుకోట నుంచి వచ్చేటోళ్లల్ల సాయిబులెవరన్న మీకు దగ్గరోళ్లున్నరా?”

“ఉన్నరు బిడ్డా. అబ్రార్ అని పిలగాడు. ఆటోల గాజులు, బట్టలు తెచ్చి అమ్ముతడు. పోయిన వానకాలం వాగు దాటుతాంటే ఆటోతోని కొట్టుకపోయిండు. మా ఆయినె నడుముకు తాడు కట్టుకొని దుంకిండు. గా పిలగాన్ని జుట్టు పట్టి గుంజుకొచ్చిండు. మంచం మీదేసుకొని రోడ్డుదాక మోసినం, దవాఖానకు తోలిచ్చినం. దేవుని దయ, బతికి బట్టకట్టిండు.”

“వాళ్లింట్ల ఎవరన్న వచ్చిండ్రా తర్వాత?”

“వాళ్ల తాత వచ్చిండు. బాబామియా. కొత్త బట్టలు, మేకపిల్ల తెచ్చిండు. మా ఆయినె ఒక్కటి ముట్టలే. పానం కాపాడిన దానికి తీసుకునుడేంది చిచ్చా, బువ్వ తిని పో అన్నడు. గా ముసలాయన తినుకుంట తినుకుంట ఏడ్చిండు.”

“ఏం పని చేస్తడక్కా ఆయన?”

“పతంగులు చేస్తడట.”

నౌషీన్ లాలి రెండు చేతులూ గట్టిగా పట్టుకొని వదిలింది. ఏమీ అర్థంకాక లాలి వీరేందర్ వైపు చూసింది. అతనప్పటికే జీపు దగ్గరికి పరుగెత్తుతున్నాడు.

మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లో బాబామియా దుకాణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పతంగుల కాలం పోయింది కాబట్టి ఆయన పెళ్లిపందిళ్లకు కాగితం పూలు చేస్తున్నాడు. ఆకుపచ్చ లుంగీ, తెల్ల గడ్డం. యూనిఫారం చూడగానే లేచి సలాం చేశాడు.

“చాచా, కొత్తగూడ అడవిల కందీళ్లు ఎగరేసింది నువ్వే కద?”

ముసలాయన ముఖం వాడిపోయింది. “నీకెవరు చెప్పిండ్రు బేటీ?”

“అడవే చెప్పింది. ఎందుకు ఎగరేసినవ్?”

“మన్నత్ బేటీ. మా అబ్రార్‌ను వాగు మింగింది. లక్ష్మణ్ కక్కిచ్చిండు. ఏమిచ్చినా తీసుకోలే. నాకు నిద్రపడుతదా మరి? దర్గాకు పోయి, వాని తండా సల్లగుండాలని ఎండకాలం వచ్చిందాక ప్రతి జుమ్మేరాత్ దీపం పెడతనని మొక్కిన. నేల మీద దీపం ఎవరైనా పెడతరు. నాకొచ్చిన విద్య గిదే. పైన పెడితే అల్లా మియాకు జర దగ్గరగుంటదనుకున్న. అబ్రార్ అంగడికి పోయేటప్పుడు ఆటోల కూసుంట, మాపటికి గుట్టెక్కి ఎగరేస్త.”

“ఎవరికీ చెప్పలేదా?”

“మొక్కు తీర్చుకునేటోడు డప్పు కొట్టి చెప్పుకుంటడా?”

“టీవీల చూపించిండ్రు కద చాచా, గా వెలుగులు ఏందో తెల్వదని!”

“మా ఇంట్ల టీవీ ఖరాబై ఏడాదాయె. ఎందుకు బేటీ, ఏమైంది?”

నౌషీన్ చెప్పింది. లక్ష్మణ్‌ను పట్టుకున్నారని, నాలుగింటికి హైదరాబాద్ తీసుకుపోతున్నారని, ఇప్పచెట్టుకు చుట్టుకున్న దారం తనదేనని ఒప్పుకున్నాడని.

“యా అల్లా! నా మొక్కు వాని మెడకు ఉరితాడాయెనా?” అని నెత్తి కొట్టుకున్నాడు. “ఒకపారి దారం తెగి గా చెట్టుకు చుట్టుకున్నది. ఇంట్ల మిగిలిన పాత మాంజా అది. వాడు చూసుంటడు. నాదేనని తెలుసుకొనే నోరు మూసుకున్నడు. నడువు బేటీ, నడువు! ఏలుముద్ర నేనేస్త, సంకెళ్లు నాకెయ్యమను!”

దారం చుట్టిన చరఖా, ఒక పెద్ద పతంగి, నాలుగు కందీళ్లు చంకన పెట్టుకొని జీపెక్కాడు. దుకాణం తలుపు వెయ్యడం కూడా మరిచిపోయాడు. వీరేందరే దిగిపోయి గొళ్లెం పెట్టి వచ్చాడు.

దారి పొడవునా నౌషీన్ ఆయన్ను తిట్టింది, తిట్టడం కూడా అవసరమే కాబట్టి. “విమానాలు తిరిగే దారి చాచా అది. రెక్కకు దారం చుట్టుకుంటే? అడవి అంటుకుంటే? గాజుపొడి మాంజా వాడొద్దని సర్కారు చెప్పింది తెల్వదా?” ఆయన ప్రతిదానికీ చెవులు పట్టుకున్నాడు. “ఇగ చెయ్య బేటీ. మన్నత్ అయిపోయింది. రేపటిదే ఆఖరుది. అది దర్గాలనే పెడత, నేల మీదనే.”

వాళ్లు చేరేసరికి గెస్ట్‌హౌస్ ముందు జీపు ఇంజన్ ఆన్‌లో ఉంది. లక్ష్మణ్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. యుగేందర్ టోపీ సర్దుకుంటున్నాడు.

“ఆపండి,” అంది నౌషీన్ జీపుకు అడ్డంగా నిలబడి. “మీ యాంటెన్నా ఎట్లా పనిచేస్తుందో చూసి పోదురుగానీ.”

బాబామియా ఎవరి అనుమతీ అడగలేదు. గాలి ఎటుందో చూసుకొని రెండు అంగలు వెనక్కి వేసి పతంగిని లేపాడు. అది గెస్ట్‌హౌస్ కప్పు దాటి, టేకుచెట్లు దాటి పైకి పోయి నిలబడింది. దారానికి ఒక్కొక్క కందీలే వెలిగించి కట్టి వదిలాడు. పట్టపగలు దీపాల వెలుగేం తెలుస్తుంది! అయినా ఆ వరస, ఆ ఎడం, గాలికి ఊగీ ఊగనట్టు నిలబడ్డ తీరు పైలట్ల ఫొటోలో ఉన్నట్టే ఉంది. నౌషీన్ ఆ ఫొటో బయటికి తీసి యుగేందర్ ముఖం ముందు పట్టుకుంది.

“ఇదేదో నాటకం,” అన్నాడు యుగేందర్. “ఎవడో ముసలాణ్ని తీసుకొచ్చి...” అంటూ దారాన్ని పట్టుకొని లాగాడు. మరుక్షణం “అబ్బా!” అని చెయ్యి విదిలించాడు. వేలు తెగి నెత్తురు వచ్చింది.

“గాజుపొడి,” అంది నౌషీన్, జేబులోంచి రుమాలు తీసి ఇస్తూ. “మీరన్న లోహపు పూత ఇదే. ల్యాబువాళ్లు కూడా ఇదే చెప్తారు. నేను ఇందాకే మా పైవాళ్లకు మధ్యంతర నివేదిక పంపేశా, ఈ పెద్దాయన వాంగ్మూలంతో సహా. రేపు మీరు ప్రెస్ మీట్ పెట్టండి, కాదనను. నేను కూడా వస్తా. ఈ పతంగి పట్టుకొని వస్తా.”

యుగేందర్ వేలికి రుమాలు చుట్టుకుంటూ చాలాసేపు పైకి చూశాడు. పై నుంచి అతని మీద ఎంత ఒత్తిడి ఉందో నౌషీన్‌కు తెలుసు. చెడ్డవాడు కాదు. చేతికి దొరికినదాన్నే నిజమనుకునే రకం.

“దింపండి వాణ్ని,” అన్నాడు చివరకు. కాగితం మీద సంతకం గీకి, ఆమె వైపు చూడకుండానే గొణిగాడు. “మీరు రాకపోతే రేపు దేశమంతా నన్ను చూసి నవ్వేది. థ్యాంక్స్ మేడం.”

ఆ మాట అతని నోటి నుంచి రావడమంటే మాటలా! నౌషీన్ దాన్ని అంతే మర్యాదగా అందుకుంది.

లక్ష్మణ్ జీపు దిగి, బాబామియాను చూసి బిక్కచచ్చిపోయాడు. “నువ్వెందుకొచ్చినవ్ చిచ్చా? ముసలితనంల నిన్ను జైల్ల పెడతరని కద నేను నోరిప్పలే!”

“అరే పాగల్! నా మనవన్ని కాపాడినోన్ని నేను జైలుకు తోలుతనా?”

ఇద్దరూ కౌగిలించుకొని చిన్నపిల్లల్లా ఏడ్చారు. యుగేందర్ మనుషుల్లో ఒకడు ముఖం అటు తిప్పుకున్నాడు. వీరేందర్ సంతోషం పట్టలేక అప్పటికే లాలికి ఫోన్ చేసి, అన్నను విడిచిపెట్టారని లంబాడీలో గట్టిగా అరిచి చెప్పేశాడు. అవతల ఆడవాళ్లంతా సంతోషంతో ఒక్కసారి కేకలు పెట్టడం ఇక్కడివరకు వినిపించింది. లక్ష్మణ్ వచ్చి నౌషీన్ కాళ్లమీద పడబోతే ఆమె భుజాలు పట్టుకొని లేపింది.

“వద్దన్నా. నువ్వు వాగుల దుంకినందుకు నేనే నీకు మొక్కాలె.”

ఎన్నో విచారణలు చేసింది గానీ, ముగిసినందుకు కడుపునిండా సంతోషపడ్డది ఇదొక్కటే అనుకుందామె. నేరం లేదు, శత్రువు లేడు. ఒకడి మంచితనం, ఇంకొకడి విశ్వాసం. ఇలాంటి నివేదిక రాసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

అప్పుడే లక్ష్మణ్ కళ్లు తుడుచుకుంటూ బాబామియాతో అన్నాడు. “నీ కొత్త దీపం భద్రంగనే ఉంది చిచ్చా. ఫికర్ చెయ్యకు.”

“ఏ కొత్త దీపం?”

“గదే, సోమారం పొద్దుగాల పడిపోయింది కద. పువ్వు ఏరుకుంటాంటే భూపాలపల్లి దిక్కుకెళ్లి వచ్చి నా ముందల్నే దబ్బున పడ్డది. ఎవలన్న చూస్తే నిన్ను పట్టుకుంటరని, గంపల పెట్టి పైన పువ్వు కప్పి ఇంటికి తెచ్చిన. లాలికిచ్చి, ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న. కిందపడ్డ ముక్కలేమన్న ఉన్నయేమోనని మళ్ల పోతేనే వీళ్లకు దొరికిన.”

బాబామియా అయోమయంగా నౌషీన్ వైపు చూశాడు. “నేను సోమారం ఎగరెయ్యలే బేటీ.”

“ఎట్లుందన్నా అది?” అంది నౌషీన్.

“పెండ్లిలల్ల ఫొటోలు తీసేదానసువంటిదే, జర పెద్దగుంటది. నాలుగు రెక్కలు. కడుపు కింద నల్ల సంచి, గట్టిగ సీలేసి ఉంది. ఎర్రబుగ్గ కొట్టుకుంటనే ఉంది. గీ నెల మాపటికి గాలుంటలేదు కద, పతంగి లేస్తలేదని చిచ్చా గిది కొన్నడనుకున్న.”

“నా కందీళ్లు కాగితంవి రా,” అన్నాడు బాబామియా నెమ్మదిగా.

యుగేందర్ దగ్గరికి వచ్చాడు. వెటకారం ఏమీ లేదిప్పుడు అతని ముఖంలో. నౌషీన్ వీరేందర్ చేతిలోని ఫోన్ లాక్కొని స్పీకర్ పెట్టింది. రెండో రింగుకే లాలి ఎత్తింది.

“అక్కా, నేను నౌషీన్‌ను.”

“నీ కడుపు సల్లగుండ బిడ్డా! నీ పేరు మీద భోగ్ చెయ్యనీకి నిప్పుల నెయ్యి పోస్తానం, తండంత నీకు మొక్కుతాంది. నువ్వు మా ఇంటి ఆడిబిడ్డవు!”

“అక్కా, లక్ష్మణన్న నీకిచ్చిన గా దీపం ఏడున్నది?”

“గదా? మీ ఆఫీసర్లకిచ్చిన కద!”

“ఏ ఆఫీసర్లక్కా?” అంది నౌషీన్.

“మీ మనుషులే బిడ్డా. నువ్వేసుకున్నసువంటి నీలం బట్టలే. మధ్యాన్నం సంది కూసున్నరు, దీపమియ్యి దీపమియ్యి అనుకుంట. నేనియ్యలే. మా ఆయినె వస్తెనే ఇస్త అన్న. గింతల మీ వీరేందర్ తమ్ముడు ఫోన్ చేసి అన్నను ఇడిసిపెట్టిండ్రు అన్నడు. గప్పుడు నమ్మిన, వీళ్లు మా ఆయినెను ఇడిపిచ్చిన మేడం మనుషులే అని. కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి కూసోపెట్టిన. నీ రుణం ఎట్లెట్ల తీర్చుకుందు బిడ్డా, వాళ్లకన్న జర మర్యాద చేద్దామని.”

వీరేందర్ జీపు వైపు పరుగెత్తాడు. యుగేందర్ రుమాలు చుట్టిన చేత్తోనే తన మనుషులకు సైగ చేశాడు, బండ్లు తియ్యమని. అడవి దారిలో ఎంత తొందరపడ్డా తండా చేరడానికి అరగంట పడుతుందని అక్కడ అందరికీ తెలుసు.

“దీపం తీసుకున్నరు కద అక్కా, ఇంక పోలేదా వాళ్లు?” అని అడిగింది నౌషీన్, మాట తడబడకుండా చూసుకుంటూ.

“పోలే బిడ్డా. మా ఆయినెతోని మాట్లాడాలెనంట. అగో, ఫోన్ ఇయ్యమంటాండు సారు. ఇస్తాన.”

చెయ్యి మారిన చప్పుడైంది. తర్వాత ఒక మగగొంతు, చాలా నింపాదిగా, చాలా మర్యాదగా పలికింది.

“నమస్తే మేడం. లక్ష్మణ్‌ను విడిపించారట, చాలా థ్యాంక్స్. మాకు ఆ పని ఎట్లా అవుతుందా అనుకున్నాం. అది ఎక్కడ పడిందో, ఎటు నుంచి వచ్చిందో కళ్లతో చూసింది ఆయనొక్కడే కదా. ఆయన్ను ఒక్కడినే పంపించండి. వచ్చేదాకా మేం ఇక్కడే, పిల్లలతో కూర్చుంటాం.”

ఆ గొంతు వెనక నుంచి లాలి ఎవరినో కేకేస్తోంది, సార్లకు ఇంకొక గ్లాసు చాయ్ పొయ్యమని.